తిరగేసి ఆరేసిన చొక్కా

"ఈ గుర్తు నా ఇంట్లకెట్లొచ్చిందే...!"

భర్త కుర్మయ్య కేకకు శివమ్మ చేతిలోని చెంబు జారిపడింది. దండెం కింద నిలబడి, నీలం చొక్కాను రెండు చేతులా పైకెత్తి చూపిస్తున్నాడాయన. ఇన్నాళ్ళూ ఆ చొక్కాను ఆమె తిరగేసే ఆరేసేది. ఎండకు రంగు పోకుండా కాబోలు అనుకున్నాడు పాపం! ఆ చొక్కాను సంచిలో పెట్టుకుని, శంషాబాద్‌లో దర్జీ దుకాణానికి పోతున్నానని ఆమె చెప్పిన మాటనూ అలాగే నమ్మాడు. తీరా ఈ పొద్దున గాలికి కిందపడ్డ చొక్కాను దులిపి సరిచేయబోతే, ఎగిరే పిట్ట బొమ్మ కనబడింది. ఎయిర్‌పోర్టులో ఊడ్చే పనివాళ్ళందరి ఎదల మీదా ఉండే బట్టబిళ్ళ!

"మన చెల్కను మింగిన జాగలనే చీపురు పడ్తున్నవా? ఆ గోడ లోపట అడుగు పెట్టనని నాకు ఒట్టేసినవ్ గద... జరంతన్న సిగ్గనిపిస్తలేదా!"

పర్రున బిళ్ళను పీకేశాడు. దారాలు తెగి గుడ్డ చిరిగింది. శివమ్మ ప్రాణం ఉసూరుమంది. అది లేనిదే ఆమెను గేటు దాటనియ్యరు. మధ్యాహ్నం డ్యూటీకి పోవాలి. ఏడవకూడదనుకుంది గానీ కన్నీళ్ళు మాట వింటాయా!

"తిట్టు, కొట్టు, పడ్త... గని ఒక్క మాట ఇను. అత్తమ్మను పెట్టిన జాగ ఏడున్నదో ఎరుకేనా నీకు?"

కుర్మయ్య బిళ్ళను కింద పడేయబోయి ఆగాడు. వాళ్ళ మెట్టపొలం, ఆ చెల్క, ఎయిర్‌పోర్టులో కలిసి, చుట్టూ గోడ లేచాక పెద్దగుండు రాతి పక్కనున్న తల్లి ఈరమ్మ సమాధి జాడే తెలియకుండా పోయింది. ఏటా పెద్దల అమావాస్యకు, పెత్రమాసకు, తొండుపల్లి వైపు గోడ ఇవతల నిలబడి దండం పెట్టుకొస్తాడు.

"మన పెద్దగుండును పగలగొట్టలే. అందానికని ఉంచి, సుట్టూత గడ్డి పెంచిన్రు. నా పని ఆ గడ్డిలనే! ఆకులు ఏరుకుంట పోయి, అత్తమ్మ కాడ రోజొక బంతిపువ్వు పెట్టొస్తున్న. ఆ పిట్టబొమ్మ లేకుంటే నన్నెవరు పోనిస్తరయ్యా...?"

ఇంకేమీ చెప్పలేక బిందె ఎత్తుకుని బోరింగు దగ్గరికి పోయింది. అక్కడ ఎవరూ లేరు గనుక కడుపారా ఏడ్చింది.

తిరిగొచ్చేసరికి కుర్మయ్య గడపలో కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో చొక్కా, చేతిలో దబ్బనం, పక్కన పురికొస. చెల్క ఉన్ననాడు ఉల్లిగడ్డ బస్తాలు కుట్టిన దబ్బనమే అది. ఆ బస్తా కుట్టు నేర్పింది వాళ్ళమ్మే.

"ఇగ ఊడది," అంటూ తలెత్తకుండా చొక్కా అందించాడు. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

శివమ్మ చూసింది. ఆకాశంలోకి ఎగరాల్సిన పిట్ట ముక్కు నేలకేసి దిగుతోంది!

"గిదేందయ్యా... పిట్ట తలకిందులైంది!"

"పిట్టలు చెల్కల వాలుతయి గద... మీదికెందుకు పోతయి?" అన్నాడు అమాయకంగా.

ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. విప్పి మళ్ళీ కుట్టమని చెప్పడానికి మనసొప్పలేదు.

గేటు దగ్గర మేస్త్రీ తారాబాయి నొసలు ముడిచింది. "బిళ్ళ ఉల్టా కుట్టుకొచ్చినవేందే? సాబ్ చూస్తే ఇంటికి తోలుతడు. పీకి సక్కగ కుట్టుకో!"

శివమ్మ బిళ్ళ మీద అరచెయ్యి కప్పుకుంది. "మా ఇంటాయన కుట్టిండక్కా... ఇయ్యాలొక్కపూట ఉండనియ్!"

తారాబాయి ఆ మోటు కుట్టునూ, ఉబ్బిన ఆ కళ్ళనూ మార్చి మార్చి చూసింది. "తువ్వాల కప్పుకొని పో. రేపు సక్కగ కుట్టుకొని రా," అని పక్కకు తప్పుకుంది.

గుండు దగ్గర ఎండ మండిపోతోంది. శివమ్మ బంతిపువ్వు పెట్టి, అటూ ఇటూ చూసి, తువ్వాల పక్కకు తీసింది. పురికొస కుట్టు మీద వేలితో రాస్తూ వంగి మెల్లగా అడిగింది.

"అత్తమ్మా... ఈ కుట్టు ఎవరిదో గుర్తుపట్టినవా?"