వట్టికాలు

“ఎవరే ఈ సిగ్గుమాలిన మనిషి? ఒక కాలికి మాలు పచ్చబొట్టు పొడిపించుకుని, రెండో కాలు వట్టిగా వదిలేసింది!”

ఇయోనా గర్జనకి సమోవా నుంచి వలస వచ్చినవాళ్లుండే మాంగెరేలోని ఆ చిన్న ఇంటి కిటికీలు గలగలలాడాయి! ఆదివారం ప్రార్థన ముగించుకుని అక్క లేపెకా ఇంటికి భోజనానికి వచ్చిన పెద్దమనిషి, కొబ్బరిపాలలో మగ్గిన చేమ ఆకుల్ని వదిలేసి, మేనకోడలు గోడకి అంటించిన బొమ్మల మీద పడ్డాడు.

మాటలేనా అనే ఆ పిల్ల వీడియో గేముల కంపెనీలో పాత్రలకి రూపం గీస్తుంది. కొత్త ఆటలోని వీరవనితకి మొదట నల్లటి నీడల్లాంటి ఆకారాలు గీసింది, తర్వాత ముఖం, బట్టలు, ముందూ వెనకా... అన్నిట్లోనూ తోటివాళ్లకి నచ్చింది ఈ ఒంటికాలి పచ్చబొట్టు బొమ్మే!

“మామయ్యా, రెండు కాళ్లూ ఒకేలా ఉంటే మనిషి గుంపులో కలిసిపోతుంది. ఇలా ఉంటే ఎంత దూరం నుంచైనా గుర్తుపడతారు. రేపు దీన్నే ఖాయం చేస్తారు.”

“గుర్తుపడతారే! నొప్పికి జడిసి, పొడిపించుకునే చాప మీంచి సగంలోనే లేచిపోయిన పిరికిదని సమోవాలో పసిపిల్లలు కూడా గుర్తుపడతారు! సగం మాలు వంశానికే మచ్చ! ఎక్కడ చూశావే ఇలాంటిదాన్ని?”

ఓసారి స్నానాలగదిలో జారిపడిన తల్లిని లేపినప్పుడు ఆమె తొడ మీద చూసింది పాపం మాటలేనా... చూపు తనకి తెలియకుండానే వంటింటి గుమ్మంలో నిలబడ్డ తల్లి మీదికి పోయింది.

లేపెకా గుండెలో అగ్గి రాజుకుంది! ఇన్నేళ్లూ చీలమండలు దాటిన పావడాలు... పెళ్లిళ్లలో నాట్యానికి పిలిస్తే మోకాళ్ల నొప్పులంటూ సాకులు! కూతురు గీసిన గీత ఆమె తలరాతని గోడకెక్కించింది!

“చింపెయ్యవే! తల్లి తొడని లోకానికి ఆటబొమ్మని చేశావా?”

“నాకు తెలీదమ్మా... అలాగే పొడుస్తారనుకున్నాను... అందంగా ఉందనుకున్నాను!”

లేపెకా నోరు జారిన ‘తల్లి తొడ’ తమ్ముడి ముందు ఎత్తకూడని మాట. ఇయోనా ముఖం పాలిపోయింది. “అక్కా... నువ్వా? నువ్వా పిరికిదానివి?”

అంతే! లేపెకా తొడ కొట్టినంత పని చేసింది!

“నోర్ముయ్యరా! ఒక కాలు పూర్తయ్యేదాకా కిక్కురుమనలేదు నేను! రెండోది మొదలెట్టబోతుంటే కబురొచ్చింది... నీ పడవ పగడపు దిబ్బకి కొట్టుకుందని, నీకు నెత్తురు కావాలని! ‘లేస్తే మళ్లీ సూది పట్టను’ అన్నాడు పొడిచే పెద్దాయన. లేచానురా! తెలిస్తే జన్మంతా తల దించుకుంటావని అమ్మ చేత కూడా ఒట్టేయించుకున్నాను... ఇప్పుడు నువ్వే నన్ను పిరికిదంటావా!”

ఇయోనా పెట్టెలోని మేలిచాప తీసి, వాకిట్లో ఎండలో కూలబడి, నెత్తిమీదినుంచి కప్పుకున్నాడు. ఆ జనంలో క్షమాపణ అంటే అదే! నొచ్చుకున్నవాళ్లు చాప ఎత్తేదాకా లేవకూడదు.

కంచె దగ్గర ఇరుగుపొరుగు పోగయ్యారు. “ఏం నేరం చేశాడమ్మా?”

“ఉడకనివ్వండి కాసేపు!” అంది లేపెకా మెట్ల మీద నిలబడి. ఉడికింది తమ్ముడొక్కడే కాదు. ఆమె కళ్లలో నీళ్లు కూడా సలసల కాగుతున్నాయి...

చివరికి మెట్లు దిగి, వీధంతా వినపడేలా అరిచింది. “నాది సగం మాలు! అవును! నొప్పికి జడిసి లేవలేదు, వీడి ప్రాణం కోసం లేచాను! విన్నారా అందరూ?... మాటలేనా! బొమ్మ చింపకు. ఆ బొమ్మలోని పిల్ల కాలు ఎందుకు వట్టిదో ఆటలో మొట్టమొదట అదే చెప్పించు!”

అని, తమ్ముడి నెత్తిమీది చాప ఎత్తింది.