లిస్టులో లేని ఇంజిన్

మెకానిక్ సోహైల్ షెడ్డులో ఆ ఇంజిన్ మొదటిసారి మేలుకున్న సాయంత్రం, పక్కనున్న చాయ్ హోటల్లో గ్లాసులన్నీ బల్ల అంచు వైపు నడవడం మొదలుపెట్టాయి. అనం చూస్తుండగానే ఒకటి జారి భళ్లుమంది.

హోటల్ అనం వాళ్ల అబ్బా అల్లావుద్దీన్‌ది. డిగ్రీ అయిపోయాక ఆమె సాయంత్రాలు అక్కడే గడుపుతోంది. నలుగురిలో నోరు విప్పని పిల్ల. అయినా గాజు పెంకు పట్టుకుని నేరుగా షెడ్డులోకి నడిచింది.

"గిది మీ బండి జేసిన పని."

సోహైల్ చేతుల మసి తుడుచుకుంటూ నవ్వాడు. "బండి గాదు, ఇంజిన్. శామీర్‌పేట సేటు గీ పాత కారును అమెరికా నుంచి ఓడల తెప్పించిండు. బానెట్ గూడ మూతపడుతలేదు."

"గంత పెద్దది ఎందుకు మరి?"

"గా కాలంల షోరూమోళ్లు ఒక లిస్టు సూపిస్తుండ్రంట. గీ ఇంజిన్ గా లిస్టుల లేకుండె. తెలిసినోళ్లు నోరు తెరిచి అడిగి, స్పెషల్‌గ పెట్టించుకుంటుండ్రి."

"అడగకపోతే?"

"చిన్న ఇంజినే. అదే బండి, అదే రంగు. గానీ జిందగీ అంతా మనసుల ఒకటే గుబులు."

రేకుల మీద వాన మొదలైంది. పెట్రోలు వాసనలో తడిమట్టి వాసన కలిసింది. ఎర్రటి కారు మీద వాన వెలుగు కదులుతుంటే, అది శామీర్‌పేట చెరువు మీద తేలుతున్నట్టూ, అందులో తామిద్దరే ఉన్నట్టూ అనిపించింది అనంకి.

"మీ అబ్బాను ఒకటి అడుగుదామనుకుంటున్న," అన్నాడు సోహైల్ తల వంచుకుని. "నువ్వు ఊఁ అంటేనే."

ఊఁ అనాలనే ఉంది, సిగ్గు అననివ్వలేదు. అనం వానలోకి పరుగెత్తింది.

మర్నాడు బల్ల మీద కొత్త గ్లాసు కనబడింది. పెట్టినవాడు కనబడలేదు. ఆమె వద్దన్నదనుకున్నాడు కాబోలు, ఆ తర్వాత సోహైల్ హోటల్ వైపు చూడటమే మానేశాడు.

శుక్రవారం పొద్దున అబ్బా చాయ్ వడగడుతూ అడిగాడు. "బేటా, రెండు సంబంధాలొచ్చినయ్. ఒకడు మచ్చ బొల్లారం, ఒకడు కొంపల్లి. ఇద్దరూ మంచోళ్లే. ఎవరిని రమ్మందాం? ఇయ్యాల మాటియ్యాలె."

అనం కొంగు వేలికి చుట్టుకుంది. విప్పింది.

"మీ లిస్టుల లేనోడు గావాలె అబ్బా."

"లేనోడా? ఎవడు?"

అప్పుడే షెడ్డులో ఇంజిన్ గర్జించింది. గ్లాసులు కదిలాయి. అనం చూపు అటు పోయింది. అబ్బా చూపు దాని వెంటే పోయింది.

"గ్లాసులు పలగ్గొట్టేటోడా?"

"ఊఁ."

అల్లావుద్దీన్ భుజం మీది తువ్వాలు తీసి, తడిపి, పిండి, మడత పెట్టి బల్ల మీద పరిచాడు. ఒక్కొక్క గ్లాసూ దాని మీద పెట్టాడు. అవి వణికాయి గానీ జరగలేదు.

"ఇగ గీ చప్పుడుకు అలవాటు పడాలె గద," అన్నాడు. "పో, చాయ్‌కి పిలువు."

బయట మళ్లీ వాన. ఈసారి అనం పరుగెత్తలేదు, నింపాదిగా షెడ్డులోకి నడిచింది.