మడి కట్టుకున్న మిషన్

2083 వేసవిలో నూజివీడు పనసతోట కాలనీవాళ్ళు మామిడిపండు తినడం దాదాపు మానేశారు. తొక్క కోసమే కొంటున్నారు.

కారణం, గేటు పక్కన పెట్టిన సారగ్రాహి. బీరువా అంత, మాట్లాడే మిషన్. పైన తొక్కలు వేస్తే, ఒంటికి తుప్పు పట్టకుండా కాపాడే యాంటీఆక్సిడెంట్లు, అంటే తుప్పాపులు, కింద చుక్కలుగా దిగుతాయి. ఎవరి తొక్కల చుక్కలు వాళ్ళకే. పూర్వం వీటిని లాగడానికి ఘాటు రసాయనాలు వాడేవారు. ఇందులోని హరితద్రావణి మాత్రం పంచదార, నిమ్మ ఉప్పు, కాసిని నీళ్ళు. అసోసియేషన్ ప్రెసిడెంటు భుజంగరావు గారు ఓసారి అది తాగి, యాలక్కాయ పడితే ఇంకా బావుండేదన్నారు.

కనిపెట్టిన డాక్టర్ వకుళకి పైవాళ్ళు పెట్టిన షరతు ఒకటే. ఈ సీజన్లో కాలనీ పండ్ల చెత్త సగానికి తగ్గాలి. లేకపోతే మిషన్ గోడౌనుకి, ఆమె పాత సీటుకి.

చెత్త రెట్టింపయింది. పక్కింటివాళ్ళకంటే రెండు చుక్కలు ఎక్కువ రావాలని జనం తొక్క మందంగా చెక్కారు. తర్వాత పండుకి పండే వేసేశారు. మిషన్ తొక్క మట్టుకు తీసుకుని, గుజ్జు డబ్బాలో పెట్టి తిరిగిచ్చింది. ఎవరూ ముట్టుకోలేదు.

"బంగారంలాంటి గుజ్జు, బాబాయిగారూ," అంది వకుళ.

"బంగారమేనమ్మా. కానీ మిషన్ తినగా మిగిలింది కదా. ఎంగిలి," అన్నారు భుజంగరావు గారు.

ఎంగిలంటే ఏమిటని మిషన్ అడిగింది. వకుళ ఓపిగ్గా చెప్పింది. కొరికింది, చీకింది, ఒకరి కంచంలోంచి తీసింది, అన్నీ. మిషన్ మొత్తం వింది.

మర్నాడు రెండో బ్లాకు కామేశ్వరమ్మ గారు తొక్కలు తెస్తే మూత తెరవలేదు.

"ఇవి మీ మనవడు చీకినవి. ఇన్నాళ్ళూ ఊరందరి ఎంగిలీ నాకు పెట్టారు. అడిగేవాళ్ళు లేరనేగా?" అంది.

వకుళ కంగారుగా రీసెట్ చెయ్యబోయింది. భుజంగరావు గారు ఆమె చెయ్యి పట్టుకుని ఆపారు. ఇంత ఆచారం ఉన్న మిషన్ని ముట్టుకోవద్దన్నారు.

ఆ రోజు నుంచి జనం స్నానం చేసి, కడిగిన పండ్లతో లైన్లో నిలబడ్డారు. మిషన్ ఇచ్చిన గుజ్జుని కళ్ళకద్దుకుని తిన్నారు, డబ్బా అడుగు గీరి మరీ. చెత్తబుట్టలో టెంకలు తప్ప ఏమీ మిగల్లేదు.

అధికారులు వచ్చి చూసి వకుళని మెచ్చుకున్నారు. బహుమానంగా ఇంకో సారగ్రాహిని తెప్పించి, దీని పక్కనే దింపబోయారు.

"కాస్త దూరంగా పెట్టించండి," అంది మిషన్. "అది హోటళ్ళ తొక్కలు తిని పెరిగింది."