బెల్లం తినకూడని ఊరు

కుజగ్రహం మీద అరుణపురంలో వీడ్కోలు గేటు దగ్గర ఎవరూ ఏడవరు. గురుగ్రహపు చందమామ కలిస్టోకు వెళ్ళే నౌక ఎక్కినవాళ్ళు మళ్ళీ తిరిగి రారు. అయినా కొడుకు చెయ్యి ఊపుతాడు, తల్లి "సరే నాయనా" అంటుంది, అంతే. పక్క వీధికి కూరలకు వెళ్తున్నట్టే ఉంటుంది. అక్కడ గుండె దడదడలాడుతూ నిలబడేది డాక్టర్ వకుళ ఒక్కతే.

మిగతా అందరి భయాన్నీ తీసేసింది కూడా ఆవిడే.

చాలా ఏళ్ళ కిందట ఇదే గేటు దగ్గర ఒకావిడ భయంతో భర్త చెయ్యి వదల్లేదు. తలుపు పూర్తిగా మూసుకోలేదు. గాలి బయటికి పోయి చనిపోయినవాళ్ళలో వకుళ భర్త ఉన్నాడు. ఆ తర్వాత ప్రయోగశాలలో తలుపులు వేసుకుని కూర్చున్న వకుళ, 'భయగ్రాహి'తోనే బయటికి వచ్చింది. జనం దాన్ని బిళ్ళ అంటారు. గోరంత ఉంటుంది. భుజం ఎముక కింద చర్మంలో పెడతారు.

అందులో పనిచేసేది బోరాన్. దాని పరమాణువులో ఒక కుర్చీ ఎప్పుడూ ఖాళీ. భయపడినప్పుడు రక్తంలోకి దూకే అడ్రినలిన్ అణువుకు పక్కపక్కనే రెండు చేతులుంటాయి. బోరాన్ ఆ రెండింటినీ పట్టుకుని కూర్చోబెట్టుకుంటుంది. భయం గుండెను చేరేలోపే బిళ్ళలో చిక్కుకుపోతుంది. మూలకాల పట్టికలో బోరాన్ వరుసలోనే ఉన్న తోబుట్టువుల్లో కొన్ని నటించి వైద్యానికి పనికొస్తాయి. గాలియం ఇనుములా నటించి క్రిముల్ని మోసగిస్తుంది. థాలియం పొటాషియంలా నటించి గుండెలోకి దూరి, స్కాన్‌లో దాని బొమ్మ చూపిస్తుంది. బోరాన్‌కు నటన రాదు. అందుకే వకుళకు అదంటే నమ్మకం.

ఒక్కటే చిక్కు. పళ్ళలోనూ బెల్లంలోనూ ఉండే చక్కెరకూ అలాంటి చేతులే ఉన్నాయి. అది గుంపుగా వస్తే బోరాన్ పట్టు సడలి, దాచిన భయమంతా ఒక్కసారి రక్తంలో పడుతుంది. గుండె ఆగినా ఆగవచ్చు. అందుకే నిండిన బిళ్ళను ఆసుపత్రిలో చుక్కచుక్కగా కడుగుతారు. ఊళ్ళో తీపి నిషేధం. ఆ నిషేధం మీద సంతకం వకుళదే. ఆవిడ ఒంటికి మాత్రం బిళ్ళ పడలేదు. దద్దుర్లు వస్తే తీసేశారు.

ఇవాళ వెళ్తున్నది ఆవిడ చెల్లెలు, డాక్టర్ పారిజాత. కలిస్టోలో మొదటి పిల్లలు పుట్టబోతున్నారు. పురుళ్ళు పోయడానికి చెయ్యి తిరిగిన మనిషి కావాలన్నారు.

"స్వెట్టర్ పెట్టుకున్నావా?"

"ఎన్నిసార్లు అడుగుతావు మహాతల్లీ? నౌకలో చలి ఉండదు."

"అక్కడ ఉంటుందిగా."

"అక్కడ బయటికెళ్తే చలికంటే ముందు ఊపిరాడక పోతానక్కా. అసలు నువ్వు సైంటిస్టువేనా?"

పారిజాత పకపకా నవ్వింది. ఆ నవ్వు వకుళకు గుచ్చుకుంది. చెల్లెలు పుట్టినప్పటి నుంచీ ఉన్న తోడు ఇక్కడితో తెగిపోతోంది. దాని కంట ఒక్క బొట్టు లేదు. ఉండనివ్వనిది నేనేగా అనుకుంది.

ఆవిడ పిడికిట్లో బెల్లం ముక్క ఉంది. భూమి వదిలి వచ్చేటప్పుడు అమ్మ డబ్బాలో పెట్టి ఇచ్చినదాంట్లో మిగిలిన ఆఖరి ముక్క. ప్రయాణమయ్యే మనిషి నోరు తీపి చెయ్యందే అమ్మ గడప దాటనిచ్చేది కాదు. ఇంత చిన్న ముక్కకు ప్రాణం పోదు, ఒక్కసారి బెంగపడుతుంది, ఒక్కసారి నా మెడ పట్టుకుని ఏడుస్తుంది. ఆ మాటే తనకు తాను పదే పదే చెప్పుకుంది వకుళ.

"నోరు తెరువు," అంది.

ముక్క నోట్లో పడిందో లేదో వకుళ ఒళ్ళు చల్లబడింది.

"ఉమ్మెయ్! పారీ, ఉమ్మెయ్యవే, అది బెల్లం!"

"తెలుస్తోందిలే. అమ్మ బెల్లం." పారిజాత తాపీగా చప్పరించింది.

వకుళ గబుక్కున చెల్లెలి మణికట్టు పట్టుకుంది. నాడి పరుగెడుతోంది. తీపి ఇంకా గొంతు కూడా దిగలేదు. ఇంతలోనే ఎలా?

"కంగారుపడకు. అది బెల్లం వల్ల కాదు. పొద్దున్నుంచీ అలాగే కొట్టుకుంటోంది."

"మరి బిళ్ళ?"

"పెట్టిన కొత్తల్లోనే తీసేయించుకున్నాను."

"ఎందుకే?"

"నీకు జ్వరమొచ్చి మాటా పలుకూ లేకుండా పడున్నావు చూడు, అప్పుడు నీ పక్కన కూర్చుని హాయిగా భోంచేశానక్కా. ఆ హాయి నాకు నచ్చలేదు."

"ఇన్నాళ్ళూ నాకు చెప్పలేదేం?"

"నా ఒక్కదాని సంగతే అయితే చెప్పేదాన్ని. ఊళ్ళో సగం మందికి లేదు. తీసింది నేనేగా. బావ ఫొటో ముందు నిలబడి నువ్వు బిళ్ళ గురించి చెబుతుంటే, నీ మొహం చూసి ఎవరికీ నోరు రాలేదు." పారిజాత ఇంకా నవ్వుతూనే ఉంది. "ఎవరికీ భయం లేదనుకుంటున్నావు. ఈ మాట నీకు చెప్పాలంటే మాత్రం అందరికీ భయమే."

గేటు గంట మోగింది. పారిజాత మొహం నవ్వుతోంది కానీ వేళ్ళు అక్క చేతిని వదలడం లేదు. తలుపు కదిలింది. వకుళకు ఆనాడు మూసుకోని తలుపు సందు కళ్ళ ముందు మెదిలింది. చెల్లెలి వేళ్ళు ఒక్కొక్కటే విడదీసింది.

"వెళ్ళు. తలుపు పడాలి."

తలుపు పడింది.

గోడ వెంట నిలబడ్డవాళ్ళంతా ఎప్పటిలాగే నవ్వుతూ చేతులు ఊపుతున్నారు. ఇన్నేళ్ళలో మొదటిసారి వకుళ కిందికి చూసింది. ఆ వరుసలో చాలామంది మోకాళ్ళు వణుకుతున్నాయి. ఒక తండ్రి ఒక కాలితో రెండో కాలిని గట్టిగా తొక్కిపట్టుకున్నాడు.

అద్దం అవతల పారిజాత వెనక్కి తిరిగింది. వకుళ కొంగును పిడికిట్లో బిగించి, రెండో చెయ్యి ఎత్తి, అందరికంటే బాగా నవ్వింది.