ఆదివారం ఫోను

కోదాడలో హైవే పక్కనున్న ఆ రెసిడెన్షియల్ కాలేజీకి ఒకప్పుడు ఆదివారం సాయంత్రమంటే పండగ. పిల్లలు వరసలో నిలబడి ఇంటికి ఫోను చేసుకునే పూట అది. ఇప్పుడు వరసా లేదు, ఫోనూ లేదు. డీన్ సుధాకర్ రెండింటికీ ఒకేసారి మంగళం పాడేశాడు.

పాఠాలు చెప్పడానికి కాలేజీవాళ్లు ఏఐ టీచరును తెచ్చారు. ఉన్నమాట చెప్పుకోవాలి, అది మంచి టీచరే. ఒకే లెక్కను పదిసార్లు అడిగినా విసుక్కునేది కాదు. ఎవరైనా నలతగా ఉంటే గొంతును బట్టి కనిపెట్టి డీన్‌కు కబురు పంపేది. ఆ కబుర్లు ఎక్కువయ్యేసరికి సుధాకర్ వాటిని ఆపించాడు. అక్కడితో ఆగినా బాగుండేది. ఇంటికి ఫోను చేసిన పిల్లలు ఆ పూటంతా ఏడుస్తున్నారని, చదువు పాడవుతోందని, వాళ్ల గొంతులను యంత్రానికి నేర్పించి, అమ్మానాన్నలతో దానిచేతే మాట్లాడించాడు. "మంచిగున్న నాయినా. తిన్న. సదువుకుంటున్న." ఆ మాటలకు ఊళ్లల్లో వాళ్లు మురిసిపోయేవారు. ర్యాంకులూ పెరిగాయి.

పాలకీడు నుంచి వచ్చిన సంతోషికి జ్వరం పట్టుకుంది. తండ్రి మట్టయ్య గొర్లు కాచుకునే మనిషి. "మా నాయినకు ఫోన్ చెయ్యండి సార్, వచ్చి తోల్కపోతడు" అని ఆ పిల్ల డీన్ కాళ్లు పట్టుకుంది. "పరీక్షలు కానియ్, తర్వాత సూద్దాం" అన్నాడు సుధాకర్. ఆ ఆదివారం కూడా మట్టయ్య బిడ్డతో కడుపునిండా మాట్లాడుకున్నాడు. ఆ వేళకు బిడ్డ దుప్పట్లో పళ్లు కొట్టుకుంటూ వణుకుతోంది. దవాఖానకు చేర్చేసరికి చేయి దాటిపోయింది. శవాన్ని చూసి మట్టయ్య ఏడవలేదు. "నిన్ననే మాట్లాడింది గద సార్, మంచిగున్ననన్నది" అంటూ ఒక్కొక్కరి మొహమూ చూశాడు. అంతకంటే శాపనార్థం ఏముంటుంది? సుధాకర్‌కు మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు. సంతోషి గొంతును యంత్రంలోంచి తీసేయించి చేతులు దులుపుకున్నాడు.

వానాకాలం వచ్చింది. ఒక ఆదివారం పొద్దుగూకే వేళ ముసురు పట్టి కరెంటు పోయింది. ఆఫీసు గదిలో ఒక్కడే కూర్చుని సుధాకర్ కూతురికి ఫోను కలిపాడు. ఆయన తన బిడ్డ ప్రశాంతిని తన కాలేజీలో వేయలేదు. మిర్యాలగూడలో, ఏ యంత్రాలూ లేని మామూలు హాస్టల్లో చేర్పించాడు. తెలివైనవాడు మరి.

"ఎట్లున్నవ్ బిడ్డా?"

"మంచిగున్న నాయినా. తిన్న. సదువుకుంటున్న."

గొంతు కూతురిదే. కానీ ప్రశాంతి పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆయన్ను డాడీ అనే పిలిచింది.

"ప్రశాంతీ... నువ్వేనా?"

"నేనే నాయినా."

ఆ మాట వెనకాల సన్నగా ఏదో చప్పుడు... పళ్లు కొట్టుకుంటున్న చప్పుడు.

అక్కడి హాస్టల్ వార్డెన్‌కు చేస్తే ఎత్తలేదు. సుధాకర్ ఆ వానలోనే కారు తీశాడు. హుజూర్‌నగర్ దాటాక మళ్లీ కూతురికి చేశాడు. రింగు కాకముందే అవతల ఎత్తారు. అవే మాటలు... ఇంకాస్త నీరసంగా. నేరేడుచర్ల దగ్గర మళ్లీ చేశాడు. అవే మాటలు... గుసగుసగా. అద్దాలు మూసే ఉన్నాయి. అయినా కారంతా తడిసిన గొర్రె వాసన. వెనక్కి తిరిగి చూసే ధైర్యం ఆయనకు లేకపోయింది. మిర్యాలగూడ మిల్లుల్లో ఉడికే వడ్ల ఆవిరి ఎదురొచ్చినా ఆ వాసన పోలేదు.

హాస్టల్లో ప్రశాంతి ఇనుప మంచం మీద ముడుచుకుని ఉంది. ఒళ్లు పెనంలా కాలుతోంది. కళ్లు తెరవడం లేదు.

"నాకొక్క మాట చెప్పాలె గదా!" అని వార్డెన్ సుజాత మీద విరుచుకుపడ్డాడు.

ఆమె బిత్తరపోయింది. "రోజూ చెప్తనే ఉన్న గద సార్. తోల్కపొండ్రి అంటే మీరే గద... పరీక్షలు కానియ్, తర్వాత సూద్దాం అన్నరు?"

ఆయనకు ఏ రోజూ, ఏ ఫోనూ రాలేదు.

దవాఖానలో డాక్టరు పాపను చూసి పెదవి విరిచాడు. "రక్తం ఎక్కియ్యాలె. ఓ నెగెటివ్, గీడ స్టాకు లేదు. ఇంట్ల ఎవరిదన్న కలుస్తదా?"

కలిసేది తల్లి ఉమదొక్కటే. ఆమె సూర్యాపేటలో ఉంది. ఇప్పుడు బయల్దేరితే అందుతుంది. సుధాకర్ ఫోను కలిపి బావురుమన్నాడు. "ఉమా, బిడ్డ సావుబతుకుల మీద ఉన్నది. నీ రక్తం కావాలె. ఉన్నపళంగ రా!"

"అట్లనా? మంచిగున్నదా? తిన్నదా? సరే తియ్యండి, ఇగ నాకేం రంది లేదు" అని ఉమ నవ్వింది.

"బిడ్డ పోతదే... వినబడ్తలేదా!" గొంతు చిరిగేలా అరిచాడు. వరండాలో జనం లేచి నిలబడ్డారు.

"మెల్లగ మాట్లాడుతున్నరేంది? పండుకున్నదా ఏంది?"

నర్సు దేవమ్మకు ఈ తంతు అర్థం కాలేదు. ఫోను లాక్కుని స్పీకరు పెట్టింది. "అమ్మా, నేను నర్సును. మీ పాపకు చాన సీరియస్ ఉన్నది. జల్ది రావాలె."

"సల్లని మాట జెప్పినవమ్మా, దేవుడు నిన్ను సల్లగ సూడాలె" అంది ఉమ. "అవ్ గని సిస్టర్, నువ్వు మాట్లాడుతుంటే నీ పక్కన కిలకిల నవ్వుతున్నది... మా ప్రశాంతే గద?"

దేవమ్మ మంచం వైపు చూసింది. ఆక్సిజన్ మాస్కు కింద ప్రశాంతి పెదవులు కదలడం లేదు. అవతల ఉమ ఫోను పెట్టేసింది.