ఆమె వదులుకోని సీటు

“నేను వద్దన్నానట!”

చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి ఆమె అన్న ఆ మాటకు, వంటింట్లో గిన్నెలు తుడుస్తున్న తల్లి చెయ్యి ఆగిపోయింది. సాయంత్రం డ్యూటీకి సాక్సులు తొడుక్కుంటున్న భర్త తలెత్తి చూశాడు.

“ఏం వద్దన్నావ్?”

“సీటండీ! నా ట్రైనింగ్ సీటు! ఐదేళ్ళ కిందట వాళ్ళు నాకు సీటిచ్చారట... నేనే అక్కర్లేదని రాశానట... చూడండి, తేదీతో సహా వేసి పంపారు!”

ఆమె డాక్టరు. ఈ దేశంలో ఆ మాట ఆమె తప్ప ఇంకెవరూ అనరు. సొంత దేశంలో చదివి, అక్కడి పిల్లల వార్డులో రెండేళ్ళు పనిచేసి, అదే కాలేజీలో తనతో చదివిన అతన్ని పెళ్ళాడి ఇక్కడికి వచ్చింది. బయట చదివిన డాక్టర్లు ఇక్కడ మందుచీటీ రాయాలంటే ముందు పరీక్ష పాసవ్వాలి. ఆ తర్వాత ఏదో ఒక ఆసుపత్రిలో రెండేళ్ళ ట్రైనింగ్ సీటు దొరకాలి. పరీక్ష ఆమె మొదటిసారే పాసైంది. అతను మూడోసారికి పాసయ్యాడు. అయినా సీటు అతనికే వచ్చింది. ఆమె ఏటా దరఖాస్తు పెడుతూనే ఉంది... ఏటా ‘ఎంపిక కాలేదు’ అనే రెండు ముక్కలే జవాబు! భర్త డాక్టరుగా తిరిగే ఆసుపత్రిలోనే, కింది అంతస్తులో, రోగుల చేతుల్లోంచి రక్తం తీసే ఉద్యోగంలో చేరింది. ఏడుస్తున్న పసివాళ్ళ చేతిలో నరం వెతుకుతూ, ఆ బిడ్డకు జబ్బేమిటో ముఖం చూడగానే తెలిసిపోతున్నా, నోరు మూసుకుని దూది అద్ది పంపించేయడం... ఒక రోజు కాదు, రెండు రోజులు కాదు, నాలుగేళ్ళు! చివరికి విసిగిపోయి, “నాలో లోపమేమిటో చెప్పండి” అని సీట్లిచ్చే మెడికల్ కౌన్సిల్ ఆఫీసుకు రాసింది. ఆ జవాబే ఇప్పుడు ఆమె చేతిలో ఉంది.

ఇచ్చిన సీటు కాదన్నవాళ్ళను ఐదేళ్ళు జాబితాలో చేర్చరు; ఆ ఐదేళ్ళు నిండడానికి ఇంకా కొన్ని నెలలుంది. పాసైన పరీక్ష ఫలితం చెల్లే గడువు ఈ నెలాఖరుతో సరి. ఇన్నేళ్ళు ప్రాక్టీసు లేనివాళ్ళను మళ్ళీ ఆ పరీక్షకు కూర్చోనివ్వరు. అంతే. కథ ముగిసిపోయింది.

“ఆఫీసువాళ్ళ పొరపాటు అయ్యుంటుంది,” అన్నాడు భర్త. గొంతు మాత్రం అలా అనలేదు.

“ఫోన్ చేశాను. నా మెయిల్ నుంచే వెళ్ళిందట. ఉదయం పదకొండుంబావుకి.”

పాప కింది ఫ్లాట్‌లో ఆడుకుంటోంది. భర్త లేచి నిలబడ్డాడు. ఒక కాలికి సాక్సు ఉంది, ఒక కాలికి లేదు.

“నేనే,” అన్నాడు. “నేనే పంపాను. నీ ఒంట్లో బాగాలేదని... నన్ను తిట్టు. ఏమన్నా అను. పడతాను.”

ఆమె ఉత్తరంలోని తేదీని మళ్ళీ చూసింది. కోపం రావలసిన చోట లెక్క వచ్చింది ఆమెకు. ఆ తేదీ మామూలు తేదీ కాదు! ఆ వారమంతా ఆమె ఏడో నెల కడుపుతో ఆసుపత్రి మంచం మీద ఉంది. అంతకు ముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఈసారి బీపీ నూట డెబ్బై దాటి, కళ్ళ ముందు మెరుపులు మెరిసి పడిపోయింది. మత్తులో ఉందో మెలకువలో ఉందో తనకే తెలియని రోజులు అవి. పక్కన భర్త లేడు. ఎందుకు లేడు?

“ఆ రోజు నువ్వు పరీక్ష హాల్లో ఉన్నావ్.” తల్లి ముందు ఎప్పుడూ ‘మీరు’ అనే ఆమె నోట కాలేజీనాటి ‘నువ్వు’ వచ్చేసింది. “వేరే ఊళ్ళో! తొమ్మిదింటికే గేటు దగ్గర ఫోన్లు లాక్కున్నారని నువ్వే చెప్పావ్. పదకొండుంబావుకి మెయిల్ ఎలా పంపావ్? ఎవర్ని దాస్తున్నావ్?”

“అతన్ని అనకు తల్లీ...!”

వంటింటి గుమ్మానికి ఆనుకుని తల్లి కూలబడిపోయింది. ముప్పై ఏళ్ళు ఆసుపత్రిలో నర్సుగా చేసి, మొగుడు లేకుండా కూతుర్ని డాక్టర్ని చేసిన మనిషి. వీధిలో అందరూ ‘హెడ్డు నర్సమ్మ’ అంటే మురిసిపోయే మనిషి. కూతురి కాన్పుకని వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి!

“నీ ఫోన్ నా దగ్గరే ఉంది కదా... సీటొచ్చిందని కనబడింది. ఇరవై రోజుల్లో చేరాలట. రైల్లో పద్నాలుగు గంటల దూరం. నువ్వు మంచం దిగితే ఇద్దరూ దక్కరని అప్పుడే చెప్పి వెళ్ళింది డాక్టరమ్మ... అందులో రెండే ఉన్నాయమ్మా, ఒప్పుకుంటున్నాను, ఒప్పుకోవడం లేదు... ఒప్పుకున్నానని ఎలా నొక్కను?”

“అమ్మా...”

“కారణం రాయమన్నారు. నీ బీపీ రాశాను, ఎన్నో నెలో రాశాను. మా ఆసుపత్రిలో సిక్కు లీవు చీటీ పెడితే నాలుగు నెలలైనా ఉద్యోగం ఎక్కడికీ పోయేది కాదు! వేళ్ళు వాచి రెండు నెలలు నేను రాకపోతే నా బల్ల మీద ఇంకొకర్ని కూర్చోనిచ్చారా? ఇదీ అంతే అనుకున్నాను తల్లీ... కాగితం మీద జబ్బు రాశాక సీటు ఎలా తీసేస్తారు అనుకున్నాను...!”

“నాతో ఒక్క మాట చెప్పలేదేం?”

“చెప్తే నీ బీపీ పెరగదూ?”

“పాప పుట్టాక?”

తల్లి కొంగుతో మొహం కప్పుకుంది. “మళ్ళీ కాగితం వస్తుందిలే, అప్పుడు చెప్తాలే అనుకున్నా. రోజూ పోస్టు డబ్బా తీసి చూసేదాన్ని. ఏడాదైంది... ఆ తర్వాత చెప్పడానికి నోరు రాలేదు.”

ఆమెకు తల్లిని కొట్టాలనిపించింది. దగ్గరకు తీసుకోవాలనీ అనిపించింది. రెండూ చేయలేక ఉత్తరం వైపు చూసింది. కింద చిన్న అక్షరాల్లో ఇంకో రెండు వరుసలు ఉన్నాయి. అంతవరకు చదవలేదు! చదివింది. మళ్ళీ చదివింది. తల నెమ్మదిగా భర్త వైపు తిప్పింది.

“అనారోగ్యం వల్ల వద్దన్నవాళ్ళు పది రోజుల్లో రాసుకుంటే, సీటు ఏడాది ఆపుతారట. అమ్మకి ఈ నిబంధనలు తెలీవు. నువ్వు వాటిని బట్టీ పట్టిన మనిషివి. అమ్మ నీకెప్పుడు చెప్పింది?”

అతను వంగి రెండో సాక్సు తొడుక్కోసాగాడు.

“ఆ సాయంత్రమే చెప్పాను,” అంది తల్లి అయోమయంగా. “నేను చూసుకుంటాను అత్తయ్యా, దానితో అనకండి అన్నాడు... బాబూ, నువ్వు రాయలేదా?”

పిడుగు పడ్డట్టు లేదు. ఇంటి గోడ ఒకటి చప్పుడు లేకుండా జరిగిపోయినట్టుంది.

“పరీక్ష మూడోసారి రాశాను కదా... తప్పితే నాకు ఇంక దారి లేదు.” అన్నాడు అతను. “నువ్వు ఏడాది తర్వాత ఆ ఊరు వెళ్ళిపోతావు. పాపతో నేను ఇంట్లో ఉండాలి... డాక్టరు గారి మొగుడిగా! కాలేజీలోనూ నువ్వే ముందు, ఇక్కడా నువ్వే ముందు... పదో రోజు కంప్యూటర్ ముందు కూర్చున్నాను. నిజంగా కూర్చున్నాను! సాయంత్రం దాకా కూర్చుని లేచిపోయాను.”

ఆమె ఏడవలేదు. బాత్రూంలోకి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చి, అతని ముందు నిలబడింది.

“అమ్మ నా ప్రాణం కోసం తప్పు చేసింది. దానికి నేను ఏడ్చుకుంటాను, ఎప్పటికో మర్చిపోతాను కూడా. నాలుగేళ్ళ నుంచి రోజూ లిఫ్టులో నువ్వు పైకి, నేను కిందకి... ఒక్క రోజైనా నీకు నోరు పెగల్లేదా? ఒక్క రోజు...?”

అతను డ్యూటీకి వెళ్ళాడు. వెళ్ళక తప్పదు, వార్డులో జనం ఉంటారు. ఆ సంగతి ఆమెకు అతనికంటే బాగా తెలుసు.

మర్నాడు ఆమె సొంత దేశంలోని పాత వార్డుకు ఫోన్ చేసింది. తనకు పాఠం చెప్పిన పెద్ద మేడమ్ ఇంకా అక్కడే ఉంది. “బతికే ఉన్నావుటే! ఇక్కడ ముప్పై మంచాలకు ఒక్క డాక్టరు. నీ డిగ్రీ ఇక్కడ ఎవరూ చెరిపేయలేదు. ఆరు నెలలు నా వెనకాల తిరుగు, పట్టు వస్తుంది,” అంది ఆవిడ. ఆ మాటకు మాత్రం ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది!

ప్రయాణం ఖాయమైన రోజున భర్త ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. “నేనూ వచ్చేస్తాను. ఈ ఉద్యోగం వదిలేస్తాను.”

“వద్దు. నా బతుకు పోసి కొన్న ఉద్యోగం అది. సరిగ్గా చెయ్యి,” అంది. అందులో తిట్టు లేదు. అదే అతనికి ఎక్కువ తగిలింది. “పాప నీ బిడ్డ. సెలవు దొరికినప్పుడల్లా రా. మన సంగతి... నాకింకా తెలీదు. అడక్కు.”

తల్లి ఒక మూల నిలబడి ఉంది. రమ్మంటారో, ఉండమంటారో తెలియక తన పెట్టె తెరవనూ లేదు, మూయనూ లేదు.

“నువ్వేంటమ్మా, చీరలు మడతపెట్టుకోవా? పొద్దస్తమానం పసిపిల్లలతో నేనక్కడ వేగుతుంటే, వాళ్ళ తల్లుల్ని కేకలేసి వరసలో నిలబెట్టేదెవరు?”

“నేను రావచ్చా తల్లీ...?” అంది హెడ్డు నర్సమ్మ, చిన్నపిల్లలా.

అప్పుడే పాప పరుగున వచ్చి అమ్మ మెడ చుట్టేసింది. నాలుగున్నరేళ్ళ పిల్ల. సూట్‌కేసుల వంక అనుమానంగా చూసింది.

“అమ్మా, అక్కడ కూడా సూదులు గుచ్చుతావా?”

“లేదు నాన్నా. అక్కడ నేను డాక్టర్ని.”

పాప ఫక్కున నవ్వింది. “నువ్వా? డాక్టరంటే నాన్న కదా!”

గదిలో ఎవరూ నవ్వలేదు. భర్త తల ఇంకా కిందికి దిగిపోయింది. ఆమె పాప జుట్టు వెనక్కి సర్ది చెప్పింది.

“నువ్వు పుట్టకముందు నుంచీ డాక్టర్నేనమ్మా... నీకు ఎవరూ చెప్పలేదు.”