క్వారీ గట్టు మీద తెల్ల సెయ్యి

రాజాం రోడ్డులో పాత రాళ్ల క్వారీ కాడ పొద్దూకినాక ఎవులూ ఆగరు. బండి సెడిపోతే బండొగ్గీసి నడిసెల్లిపోతారు. నానూ ఆటోవోణ్ణే, నాకు తెలీదేటి! గట్టు మీద తుమ్మడొంకలో తెల్లటిదేదో నిల్సుంటాది... మొకం ఉండదు. సెయ్యి మాత్రం రా రమ్మని ఊపతాది.

ఇది మా ఈదిలో తిరుమలరావు మావ సెప్పిందే.

మావ పెళ్లాం పద్మకుమారత్త కరోనా వార్డులో ఆయా. ఆ రోగమే అత్తని పట్టుకుపోయింది. శవాన్ని ఇంటికియ్యనేదు. మూటగట్టి ఆళ్లే కాల్సీసినారు. "పుణిస్త్రీగా పోయిన మనిసికి నుదుట బొట్టెట్టి పంపనేకపోనాను రా... ఎక్కడ తిరగతందో" అని మావ రెండేళ్లుగా అదే ఏడుపు.

మొన్న ముసురు రోజుల్లో, దీపాలెట్టే ఏళ, రాజాం నుంచి సైకిల్ మీద వస్తన్నాడు. ఈదురుగాలి. క్వారీ కాడికొచ్చీసరికి — సెయ్యి ఊపింది.

ఇంకోడైతే సైకిలొగ్గీసి లగెత్తీవోడు. మావ దిగినాడు. గట్టెక్కినాడు.

"ఎవులే?" అన్నాడు.

గాలికి గరగరమంది, అంతే.

సెయ్యేసి పట్టుకున్నాడు. ప్లాస్టిక్కు! వార్డులో తలనుంచి కాళ్లదాకా తొడుక్కునే తెల్ల డ్రెస్సు. ఏ ఆస్పత్రోళ్లో, ఆళ్ల జిమ్మడ, లారీలకి లారీలు తెచ్చి క్వారీ గోతిలో పారబోసీసినారు. వానకి పైమట్టి కొట్టుకుపోయి, గాలికి లేసి ముళ్లకి తగులుకున్నాది. ఓస్, ఇదేనేటి దెయ్యం! మావకి నవ్వొచ్చీసింది.

సెల్లు లైటేసినాడు. ముసుగేస్తే మనిసిని పోల్చుకోనేరని గుండె మీద పేరు రాసుకునీవోరట. నల్లటి అచ్చరాలు, వొంకరటింకరగా — పద్మకుమారి.

అత్త రాతే.

మావ అక్కడే కూలబడిపోయి, దాన్ని ఒళ్లో ఎట్టుకుని బోరుమన్నాడు. మర్నాడు కుంకంబరిణి పట్టుకెల్లి, నుదురుండాల్సిన కాడ బొట్టెట్టినాడు. "ఎల్లిరాయే పద్మా" అని కాల్సీసినాడు. ఇంటికొచ్చి తలమీద నీళ్లోసుకుని, ఇన్నాళ్లకి కంటినిండా నిద్దరోయినాడు.

ఆ మర్నాడు సాయంత్రం, అదే డొంకలో... మళ్లీ సెయ్యి ఊపతంది. గుండె మీద అదే పేరు.

మావ వచ్చి సెప్తే నానడిగినాను. "అదేటి మావా, కాల్సీసినావు కదా!"

"రోజుకొకటి తొడుక్కుని పారేసీది కదరా. గోతిలో దానివే ఎన్నున్నాయో."

"మరి అందరివీ ఉంటాయి కదా?"

"ఉన్నాయి రా. ఎంతమంది పేర్లో..." మావ గొంతు తగ్గించినాడు. "గట్టెక్కొచ్చీది మాత్రం అదే."

"అయితే నానూ వస్తాను, అన్నీ ఒక్కసారే కాల్సీద్దాం."

మావ తల అడ్డంగా ఊపినాడు.

"వొద్దురా. తెలీక దాని బతుకులో ఒక రోజు బూడిద సేసీసినాను. ఇంక కాల్సను."

పొద్దూకుతంది. మావ సైకిలెక్కి క్వారీ ఏపు ఎల్లిపోనాడు.